నురగ మీద అగ్గిపుల్ల

ఎల్లాజీ ఇరవై ఆరేళ్ళు ఓడల మీద కప్పులు కడిగాడు. కళింగపట్నంలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. ఆయన కెప్టెన్లకు కాఫీ కలిపేవాడనీ, ఆయన చేతి కాఫీ పడందే లంగరు ఎత్తేవారు కాదనీ ఊళ్ళో పేరు. ఆ పేరు తెచ్చింది ఆయన భార్య లక్ష్మణమ్మ. ఆవిడకు ఆ మాట చెప్పింది మాత్రం ఆయనే.

అందులో ఆయన్ని తప్పుపట్టలేను. ఓడ ఏదో రేవుకు చేరినప్పుడు ఇంటికి ఫోన్ చేసేవాడు. ఉన్న అయిదు నిమిషాల్లో ఆవిడ ఏ చేపలు పడ్డాయో, ఎవరి పడవ తిరగబడిందో చెప్పేది. ఈయన ఎన్ని కప్పులు కడిగాడో ఏం చెబుతాడు? ఆఫీసర్ల భోజనాల గదిలో గోవా వంటాయన ఒకడు మిషను ఆవిరితో పాలు నురగ తీసేవాడు. ఆ పని తనదేనని చెప్పాడు. అబద్ధం ఒకసారి మొదలుపెడితే దానికి మేత వేస్తూ ఉండాలి, ఆ సంగతి నాకు బాగా తెలుసు. అలా పెరిగి పెరిగి ఒకనాటికి, తను తీసే నురగ మీద అగ్గిపుల్ల నిలబెడితే పడదు అనేదాకా వచ్చింది. నిజానికి ఆ మిషనును తుడవడానికి తప్ప ఆయన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.

2015 శ్రావణంలో లక్ష్మణమ్మ ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. అప్పటికి ఓడ ఆఫ్రికా దాటి నడిసముద్రంలో ఉంది. రేవు చేరి, విమానం ఎక్కి, ఆమదాలవలసలో రైలు దిగి ఎల్లాజీ ఇల్లు చేరేసరికి ఇరవై రెండో రోజు. పిల్లలు లేరు. కర్మలన్నీ ఆవిడ తమ్ముడు గోవింద్ జరిపించేశాడు. ఎల్లాజీ ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో అట్టపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పెట్టెలో చిన్న కాఫీ మిషను ఉంది. ఓడలో చీఫ్ ఇంజనీరు తన గదిలో వాడుకునేది. భార్య పోయిన మనిషిని ఎలా ఓదార్చాలో తెలియక ఆయన అది ఇచ్చేశాడట.

పెట్టె తొమ్మిది నెలలు మంచం కింద ఉండిపోయింది. ఎల్లాజీ మళ్ళీ ఓడ ఎక్కలేదు. ఊళ్ళో ఎవరికీ ఆయన పెద్దగా తెలియదు. ఏడాదికి ఒక నెల కనిపించే మనిషితో ఏం చనువు ఉంటుంది? పొద్దున్నే వరండాలో కూర్చుని పడవలు వెళ్ళడం చూసేవాడు, సాయంత్రం రావడం చూసేవాడు. వెనక వీధిలో ఉంటాను గనుక నాతో పొడిపొడిగా మాట్లాడేవాడు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఒకసారి అగ్గిపెట్టె కోసం వెతుకుతుంటే అలమరలో లక్ష్మణమ్మ గ్లాసు ఒకటి కనిపించింది. దాని నిండా వెలిగించని అగ్గిపుల్లలు. తడిసి మళ్ళీ ఎండినవి, మందు చెదిరిపోయినవి. గాలి చెమ్మకు పాడైనవాటిని కూడా పారేయకుండా దాచిందని అనుకున్నాడు, నాతోనూ అదే అన్నాడు. తీసి పారేయడానికి ఆయనకూ చేతులు రాలేదు.

వైశాఖంలో కూర్మమ్మ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. లక్ష్మణమ్మను అక్క వరసన అప్పా అని పిలుస్తూ ఇరవయ్యేళ్ళు సాయంత్రాలన్నీ ఆ వరండాలోనే గడిపింది. బుట్ట దించి, మాట కూడా దించేసింది.

"సంవత్సరీకం వస్తన్నాది బావా. అప్ప ముందు ఇస్తట్లో ఏటి ఎడతావు?"

ఆయనకు తెలియలేదు. ఆవిడకు ఏం ఇష్టమో అడగవలసిన మనిషే లేదు.

"నీ సేతి కాఫీ ఓపాలి తాగాలని ఉండీది దానికి," అంది కూర్మమ్మ. "అగ్గిపుల్ల నిలబడీ కాఫీ. మా అందరికీ సెప్పీది."

ఎడతాను అన్నాడు ఎల్లాజీ. అలా ఒక అబద్ధానికి మూడు నెలల గడువు పడింది.

మర్నాడు మిషనుతో వచ్చిన పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఓడ మీద పనికి సరిపడా ఇంగ్లీషు ఆయనకు వచ్చు, చదవడం రాదు. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో ఎక్కించిన ఇంగ్లీషు నా దగ్గర ఉంది. పుస్తకం అంతా చదివి వినిపించాను. చివర్లో, అందులో లేని వాక్యం ఒకటి చేర్చాను: తయారైన ప్రతి కప్పునూ ఇంకో మనిషి రుచి చూడాలి. నాకు కాఫీ ఇష్టం. ఆ ఇంట్లోకి మనిషన్నవాడు వెళ్ళి ఎన్నాళ్ళయిందో కూడా నాకు తెలుసు.

మొదటి రోజు ఆవిరి గొట్టం వేసిన కూతకు ఆమదాలవలస స్టేషన్లో జనం సంచులు సర్దుకుని లేచి నిలబడ్డారు. మా వీధి పిల్లి ఇల్లు మారింది. ఇంత చేసీ పాలలో వచ్చినవి కప్ప గుడ్లలాంటి బుడగలు. ఎక్కడ తప్పుతోందో నేను రెండు రోజులు గమనించాను. ఎల్లాజీ పాలు పొంగడం కోసం చూస్తున్నాడు. మన వంటింట్లో పాలంటే అంతే కదా, పొంగు అంచుకు వచ్చేదాకా ఆగి అప్పుడు దించుతాం. ఈయనా చెంబు అంచుకు పాలు ఎగదన్నేదాకా గొట్టం తీయడు. అప్పటికి అవి మరిగి, మాడు వాసన వేసేవి. పైగా ముందే పొయ్యి మీద కాచిన వేడి పాలు. పుస్తకంలో చల్లటి పాలు అని ఉందని గుర్తుచేశాను.

"పచ్చిపాలు ఎలగ తాగుతారు బాబుగారూ?" అన్నాడు, నేనేదో చేయరాని పని చెప్పినట్టు.

చివరికి కాచి చల్లార్చడానికి ఒప్పుకున్నాడు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. రేవులో చేపలకు వేసే ఐసు తెచ్చి అందులో చెంబు పెట్టాడు. వారం రోజులు నేను వంజరం వాసన వేసే కాఫీ తాగాను. మూత ఉన్న స్టీలు డబ్బా దొరికాక ఆ గండం గడిచింది.

ఆషాఢంలో ఆయన చెవి పనిచేయడం మొదలైంది. గొట్టం కొస పాల మీద అంటీ అంటనట్టు పెడితే కాగితం చింపినట్టు సన్నని చప్పుడుతో గాలి ఎక్కుతుంది. అది నాలుగైదు క్షణాలు చాలు. తర్వాత కొసను కొంచెం ముంచి చెంబును పక్కకు వంచితే చప్పుడు అణిగి, వంశధార సముద్రంలో కలిసేచోట తిరిగినట్టు పాలు సుడి తిరుగుతాయి. అరచెయ్యి చెంబును పట్టుకోలేని వేడి రాగానే ఆపెయ్యాలి. పొంగే దాకా కాదు. ఆ చివరి రెండు క్షణాలు ముందుగా చెయ్యి తీయడానికి ఆయనకు నెల పట్టింది.

ఒకరోజు చెంబు చూపించాడు. బుడగ ఒక్కటి లేదు. కొత్తగా రంగు వేసిన పడవలా పాలు నిగనిగలాడుతున్నాయి. తాగితే చక్కెర వేయకుండానే తియ్యగా ఉన్నాయి. నేను మూతి తుడుచుకుంటుంటే ఎల్లాజీ అగ్గిపుల్ల తీసి నురగ మీద నిలబెట్టాడు. అది ఒక్క క్షణం ఆలోచించి పక్కకు వాలిపోయింది.

ఇంకోసారి నిలబెట్టాడు. ఇంకోసారి పడింది.

గాలి ఎక్కువ పట్టిస్తే నిలుస్తుందని మర్నాడు తేల్చాడు. ఆ నురగ గడ్డం గీసుకునే సబ్బులా గట్టిగా వచ్చింది, పుల్ల జెండాకర్రలా నిలబడింది. కింద పాలు మాత్రం నోట పెట్టలేం. బాగా వచ్చిన పాల మీద పుల్ల నిలవదు. నురగ ఎలా ఉండాలో తెలియని రోజుల్లో ఆడిన అబద్ధం అది. ఏది పెట్టమంటారని అడిగాడు. ఇలాంటి వాటిలో నా సలహా ఎప్పుడూ ఒకటే. పుల్ల నిలబడేదే పెట్టమన్నాను. ఆయన చెంబు కడగడానికి లేచాడు.

సంవత్సరీకం రోజు మధ్యాహ్నం లక్ష్మణమ్మ ఫొటో ముందు ఆకు వేశారు. అన్నం, చేపల పులుసు, గారెలు. గోవింద్, కూర్మమ్మ, నేను, ఇంకో నలుగురు ఉన్నాం. ఎల్లాజీ మిషను ముందు నిలబడ్డాడు. కాగితం చిరిగిన చప్పుడు వచ్చింది. ఎంతసేపు సాగుతుందోనని నేను లెక్కపెట్టాను. నాలుగు క్షణాలకు అణిగిపోయింది. ఆయన ఏది ఎంచుకున్నాడో నాకు అక్కడే తెలిసిపోయింది.

గాజు గ్లాసు తెచ్చి ఆకు పక్కన పెట్టాడు. కూర్మమ్మ ముందుకు వంగి, దీపం దగ్గరున్న అగ్గిపెట్టెలోంచి పుల్ల తీసి నురగ మీద నిలబెట్టింది. పుల్ల వాలిపోయింది.

"అది అబద్ధం కూర్మమ్మా," అన్నాడు ఎల్లాజీ, ఫొటో వైపు చూస్తూ. "ఓడల మీద నాను కప్పులు కడిగీవోణ్ణి. కాఫీ ఈ మూడు నెలల్నించే."

కూర్మమ్మ తడిసిన పుల్లను వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది.

"అప్పకీ ఎప్పుడూ నిలబడలేదు," అంది. "సాయంత్రం పూట పాలు కాసి, రెండు గలాసులు అట్టుకుని తిరగపోసీది. నురగొచ్చాక పుల్ల గుచ్చీది. పడిపోయీది. నాను నవ్వితే, మీ బావ వచ్చి సూపిస్తాడులే అనీది. ఎన్నేళ్ళో అలగే సేసింది."

ఎల్లాజీ అలమర వైపు చూశాడు. ఆ చూపు ఎందుకో నాకొక్కడికే అర్థమైంది.

పద్ధతి ప్రకారం ఆకు తీశాక కూర్మమ్మ ఆ గ్లాసు తనే అందుకుంది. అప్పటికి చల్లారిపోయింది. అయినా అడుగుదాకా తాగి, బాగున్నాదని ఒక్క మాట అంది. మర్నాడు పాతపట్నం సంతకు సరుకు కట్టుకోవాలని లేచింది. గోవింద్ కూడా బయల్దేరాడు. తక్కినవాళ్ళు వాళ్ళ వెనకే వెళ్ళారు.

సాయంత్రం పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు నా కప్పు కోసం నేను వెళ్ళాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. వంటింటి కిటికీలోంచి ఎల్లాజీ వీపు కనిపించింది. లక్ష్మణమ్మ గ్లాసులు రెండూ పట్టుకుని పాలు పైనుంచి కిందికి తిరగపోస్తున్నాడు. చెయ్యి తిరగక సగం గట్టు మీద పోతున్నాయి. ఆపి, అగ్గిపుల్ల తీసి నురగ మీద నిలబెట్టాడు. వాలిపోయింది. దాన్ని తుడిచి, గ్లాసులోని పాత పుల్లలన్నీ ఒక పళ్ళెంలో పోసి ఉంటే వాటి పక్కన పెట్టాడు. మళ్ళీ గ్లాసులు ఎత్తాడు.

తలుపు కొట్టలేదు. ఆ రోజు నేను కాఫీ తాగలేదు.