దుప్పటికి అవతలి వైపు

అమ్మ నన్ను అనుమానాల పుట్ట అనేది. తిట్టుగానే అనేది గానీ నాకది బిరుదులా వినిపించేది. గుంటూరు బోర్డింగులో ఉండి వచ్చిన పిల్లకు ఆ బుద్ధి రాక ఏం చేస్తుంది? అక్కడ రాత్రి దాచుకున్న బెల్లం ముక్క తెల్లారేసరికి ఉండదు. అడిగితే అందరూ దేవుడి మీద ఒట్టు వేసేవాళ్లే.

డెబ్బైల మధ్యలో నాన్న నన్ను ఒమాన్ తీసుకొచ్చాడు. షినాస్‌కు కాస్త ఎడంగా, ఎండుచేపల వాసన కొట్టే తీరంలో ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. అమ్మ అందులో నర్సు. మా క్వార్టరు దాని వెనకే. నాన్న రోడ్లు వేసే కంపెనీలో స్టోర్‌కీపర్. వారమంతా సైట్‌లో ఉండి గురువారం సాయంత్రం ఇంటికొచ్చేవాడు. నన్ను తెచ్చిన రోజే మంచం మీద కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు.

"ఇల్లు సవ్యంగా ఉన్నన్నాళ్లే నువ్విక్కడ. ఏమన్నా తేడా వచ్చిందో, మళ్లీ బోర్డింగే."

ఆ రోజు నుంచి ఇల్లు సవ్యంగా ఉందో లేదో కనిపెట్టడమే నా పనైపోయింది.

మా చర్చి సంఘంలో సినిమా చూడటం పాపం. చూసినట్టు తెలిస్తే ప్రభు బల్ల దగ్గరికి రానివ్వరు. అందరూ లేచి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే మనం తలొంచుకుని కూర్చోవాలి. డాన్సు అంతకంటే పాపం. క్రిస్మస్‌కు పిల్లల చేత ఎగిరించేది మాత్రం డాన్సు కాదు, యాక్షన్ సాంగ్. రెండింటికీ తేడా ఏమిటని అడిగితే, ప్రార్థనలు నడిపించే పెద్ద నర్సాంటీ "నోర్ముయ్యి, అదే తేడా" అంది.

శుక్రవారం సాయంత్రాలు ఆసుపత్రి ఆవరణలో హిందీ సినిమా వేసేవారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన సైట్ కూలీ ఒకాయన మెషీను తిప్పేవాడు. ఆసుపత్రి దుప్పటే తెర. కూలీలు, రోగులు, ఊళ్లోని ఒమానీలు చాపల మీద కూర్చునేవారు. మా నర్సులు మాత్రం కిటికీలు మూసేసుకునేవారు. ఏ కిటికీ ఎంత సందు తెరిచి ఉండేదో నాకు తెలుసు.

అమ్మ అయితే ఇంట్లోనే ఉండేది కాదు. ప్రతి శుక్రవారం సాయంత్రం "డ్యూటీ ఉంది" అని వెళ్లిపోయేది. తెల్ల బూట్లు మాత్రం మంచం కిందే ఉండేవి. చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్లే నర్సును నేనెక్కడా చూడలేదు.

నాన్న కన్ను ఇంకో దాని మీద పడింది. "ఎదురుగా గోడంత గోడ ఉంటే, ఆ మనిషి గుంజలు పాతి వాటికి కట్టాడేమిటి దుప్పటి? పైగా దుప్పటి ఇచ్చింది మీ అమ్మేనంట!" అని నాతో గొణిగాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "అమ్మ మీద ఓ కన్నేసి ఉంచమ్మా" అన్నాడు.

అనుమానం పెనుభూతం అంటారు. అది మా ఇంట్లో కంచం పెట్టుకుని కూర్చుంది. ఆయన దేనికి భయపడుతున్నాడో నాకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, అది నిజమైతే నా ట్రంకు పెట్టె సర్దేస్తారని మాత్రం తెలుసు. చూస్తే ఒక భయం, చూడకపోతే ఒక భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ మరుసటి వారం నాన్న ఇంటికి రాలేదు. సైట్‌లో పనుందని కబురు పంపాడు. శుక్రవారం సాయంత్రం అజాన్ అయ్యాక అమ్మ చెప్పులేసుకుని బయల్దేరింది. నేను వెనకే వెళ్లాను. వార్డు వైపు కాకుండా, బట్టలుతికే షెడ్డు చుట్టూ తిరిగి దుప్పటి వెనక్కి చేరింది. నేను నీళ్ల డ్రమ్ముల చాటున నక్కాను. మెషీనాయన అక్కడే తాడు బిగిస్తున్నాడు.

"ఎవరూ ఇటు రారుగా తమ్ముడూ?" అంది అమ్మ.

"ఎవలొస్తరక్కా? గీడ తేళ్లున్నయని అందరికి చెప్పి పెట్టిన. నువ్వు గుబులు వెట్టుకోకు."

నాన్న అనుమానించిందే నిజమనుకున్నాను. కానీ ఆయన తాడు బిగించేసి మెషీను దగ్గరికి పోయాడు. అమ్మ ఒక్కతే మిగిలింది.

సినిమా మొదలైంది. గోడ అడ్డం లేదు కాబట్టి బొమ్మ దుప్పటికి ఇటు కూడా పడింది, కాకపోతే తిరగబడి. అక్షరాలు వెనక్కి నడుస్తున్నాయి. హీరోయిన్ పైట కుడి భుజం మీద ఉంది. పాట రాగానే అమ్మ కొంగు నడుముకు దోపింది. తెర మీద ఎడమ చెయ్యి లేస్తే ఎడమ చెయ్యి, ఎడమ పాదం పడితే ఎడమ పాదం. సూదిమందు ఇచ్చేటప్పుడు ఎంత నిక్కచ్చిగా ఉంటుందో అంత నిక్కచ్చిగా ఆడింది. మా అమ్మ అంత అందంగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. డ్రమ్ముల వెనక నా చేతులు కూడా నన్నడక్కుండానే లేచాయి.

నాన్న వచ్చాక, "డ్యూటీకే వెళ్లింది" అని చెప్పాను.

ఆయన నా మొహంలోకి చూసి, "బూట్లేసుకునే వెళ్లిందా?" అన్నాడు.

"ఆఁ" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే నాకు నచ్చలేదు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం డ్రమ్ముల వెనక నా పాఠం సాగింది. క్రిస్మస్ వచ్చింది. యాక్షన్ సాంగ్ పెద్ద నర్సాంటీయే నేర్పింది, కుడిచేత్తో మొదలుపెట్టాలని మరీ మరీ చెప్పింది. తీరా పాట ఎత్తుకోగానే నా ఎడమ చెయ్యి లేచింది. అందరూ అటు తిరిగితే నేను ఇటు తిరిగాను. ఆసుపత్రి డాక్టరు తన చిన్న కెమెరాతో అదంతా తీశాడు.

"ఎవరే నీకు నేర్పింది? దేవుణ్ణి ఎడంచేత్తోనా పిలిచేది?" అని ఆంటీ అందరి ముందూ నిలదీసింది. నేను చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాను. నాన్న నన్నూ అమ్మనూ చూసి తల తిప్పుకున్నాడు.

డాక్టరు తీసిన ఫిల్ము కడిగించి తెప్పించేసరికి చలికాలం పోయింది. దాన్ని ఒక శుక్రవారం సినిమాకు ముందు వేశారు. క్రిస్మస్ బొమ్మ కాబట్టి పాపం లేదని నర్సులందరూ దర్జాగా ముందు వరసలో కూర్చున్నారు. అమ్మ మాత్రం డ్యూటీ అంది. మా పాట వచ్చింది. అంతమందిలో నేనొక్కదాన్నే తప్పు. జనం పడీ పడీ నవ్వారు. నా పక్కనున్న నాన్న లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా దుప్పటి వెనక్కి నడిచాడు. అంతా అయిపోయిందనుకుని ఏడుస్తూ ఆయన వెంట పరిగెత్తాను.

అమ్మ ఆయన్ను చూసి పారిపోలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు నాన్న.

"చిన్నప్పట్నించీ. మా ఊరికి డేరా సినిమా వచ్చేదండీ. మా నాన్న చర్చిలో ఉపదేశి, గేటు కాడ అందరూ నన్నెరుగుదురు. తెర వెనకాల డేరా గుడ్డెత్తి దూరేదాన్ని. తెర ముందు కూర్చున్నావా అని నాన్న అడిగేవోడు, లేదనేదాన్ని. అది అబద్ధం కాదు గదండీ! బల్ల తీసుకోటానికి నాకెప్పుడూ అడ్డం రాలేదు."

నాన్న దుప్పటి వైపు చూశాడు. మా పాట ఇంకా నడుస్తోంది. ఇటు నుంచి నా ఎడమ చెయ్యి కుడి చెయ్యి అయింది. మిగతా పిల్లలందరివీ ఎడమ చేతులయ్యాయి.

"ఇటేపు నుంచి మన పిల్లొక్కతే సరిగ్గా చేత్తందే," అని ఇసకలో చతికిలబడ్డాడు.

నేను వెక్కుతూ, "నన్ను బోర్డింగుకి పంపేస్తావా నాన్నా?" అన్నాను.

"పంపిస్తే ఆ డ్రమ్ముల వెనకాల నిలబడి మీ అమ్మ దగ్గర నేర్చుకునేదెవరే?"

నా ఏడుపు టక్కున ఆగింది. డ్రమ్ముల సంగతి నేనెవరికీ చెప్పలేదు. అమ్మకే తెలియదు. అంటే సైట్‌లో ఉన్నానని కబురు పెట్టిన శుక్రవారం ఈయన ఇక్కడే, చీకట్లో, నా వెనక ఎక్కడో నిలబడ్డాడు. అమ్మ ఆటా చూశాడు, నా ఆటా చూశాడు. ఆ తర్వాత నేను ఆయన మొహం మీదే అబద్ధం చెబుతుంటే విని ఊరుకున్నాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి ఆయన మీద ప్రేమతో. వెళ్లి ఆయన ఒళ్లో కూర్చున్నాను.

అమ్మ పాట సంగతే మర్చిపోయింది. "ఏ డ్రమ్ములు? ఏం నేర్చుకోడం?" అంటూ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి అనుమానంగా చూసింది.