ముగ్గురైన యోర్డాంకా

గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనికి నన్ను పర్సనల్ మేనేజర్‌గా వేసింది నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో. ఆడవాళ్లు గని లోపలికి దిగవచ్చని నిబంధన సడలించి అప్పటికి కొన్నేళ్లయింది. పర్సనల్ మేనేజర్ బొగ్గు తవ్వడు, తవ్వించడు. తవ్వేవాళ్ల హాజరు, సెలవు, బదిలీ, పంచాయితీ చూస్తాడు. నాకు అందులో ఇబ్బంది లేకపోయింది. మా నాన్నకు ఖని బజారులో బట్టల దుకాణం. ఎదుటి మనిషి "వద్దు" అంటున్నప్పుడు అతని చెయ్యి బట్ట మీద ఉందా, చూపు గుమ్మం వైపు ఉందా అని గమనించడం నాకు పలక పట్టకముందే వచ్చిన విద్య. దానితోనే కార్మిక సంఘాల నాయకులతో సర్దుబాట్లు చేసేవాణ్ణి. గట్టి బేరగాణ్ణని నాకు పేరు. ఆ పేరును ఎక్కువగా ప్రచారం చేసింది నేనే.

మా గనిలో సలోమి అని ఒక జూనియర్ ఇంజనీర్ ఉండేది. గని కార్మికులుండే సెంటినరీ కాలనీ పిల్ల. తండ్రి హాలర్ ఆపరేటర్‌గా, అంటే బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం నడిపి, రిటైరయ్యాడు. గని మేనేజరు కావాలంటే ప్రభుత్వం పెట్టే సర్టిఫికెట్ పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే భూగర్భంలో పనిచేసిన అనుభవం చూపాలి. ఆమెతో పాటు చేరిన మగపిల్లలు రోజూ నల్లటి ముఖాలతో పైకి వస్తుంటే, ఆమె ఫ్యాను కింద కూర్చుని మ్యాపులకు రంగులు వేసేది. ఇంకో రెండేళ్లు అట్లాగే వేస్తే వాళ్లు ఆమెకు పై అధికారులవుతారు.

ఆమెకు ఎవరూ "వద్దు" అని చెప్పలేదు. అది చట్టవిరుద్ధం. మా గని భద్రతా నియమావళిలో ఒక షరతు ఉంది: మహిళలు ముగ్గురికి తగ్గకుండా బృందంగానే దిగాలి. భద్రత కోసం పెట్టిందే, మేము మాత్రం దాన్ని తాళంగా వాడుకున్నాం. మా గనిలో మహిళా ఇంజనీర్లు ఇద్దరే, సలోమి ఒకరు, సర్వే విభాగంలో పద్మ ఒకరు. పక్క గనిలో ఎలక్ట్రికల్ ఇంజనీర్ రజిత ఉంది కదా, ఆమెను కలుపుకుంటామని సలోమి అడిగింది. ఆ గని వేరు, ఈ గని వేరు అని జవాబిచ్చాం. ఆ జవాబు భాష చాలా హుందాగా ఉందని ఏరియా జనరల్ మేనేజర్ గారు, అంటే జీఎం గారు, నన్ను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

అప్పుడే మా గనికి మ్యాన్ రైడింగ్ వచ్చింది. ఏటవాలు దారిలో తిరిగే ఇనుప తాడుకు కుర్చీలు వేలాడుతుంటాయి. కార్మికుడు నడవకుండా అందులో కూర్చుని పని స్థలానికి వెళతాడు. ముసలి మోకాళ్లకు అదొక వరం. దాన్ని బిగించి, పరీక్షించి, ధ్రువీకరించడానికి సరఫరాదారు ఒక నిపుణురాలిని పంపాడు. బల్గేరియా దేశస్తురాలు, పేరు యోర్డాంకా. నలభై దాటిన మనిషి. బరువైన బూట్లు, చేతిలో తన పనిముట్ల సంచీ.

విదేశీ అతిథి కాబట్టి సన్మానం తప్పదు. స్వాగత ప్రసంగం రాసే పని ప్రచార విభాగంలోని రమణకు పడింది. అతను ఇంటర్నెట్‌లో ఆ పేరు కొట్టాడు, కనిపించిందల్లా రాసుకున్నాడు. ప్రసంగాన్ని పరిశీలించి సంతకం పెట్టాల్సింది నేను. శాలువా ఎవరు కప్పాలన్న పేరా మాత్రం శ్రద్ధగా చదివాను.

సభలో జీఎం గారు గంభీరంగా చదివారు: మన అతిథి హర్డిల్స్ పరుగులో ఒలింపిక్ బంగారు పతకం సాధించారు, ఎత్తు దూకడంలో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు, తన దేశ రాజధానికి మేయరుగా సేవలందించారు, ఇప్పుడు మన మ్యాన్ రైడింగ్ కోసం విచ్చేశారు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న సంఘం నాయకుడు మల్లయ్య చప్పట్లు ఆపి నా చెవిలో అన్నాడు: "గీ అక్క గిన్ని పనులు ఎప్పుడు చేసింది సార్? మేయర్ డ్యూటీ వదిలిపెట్టి మన తాడు జూడనీకి ఎందుకొచ్చినట్టు? సస్పెండైందా ఏంది?"

యోర్డాంకా లేచి ఇంగ్లిషులో మర్యాదగానే చెప్పింది. ఆ ముగ్గురూ వేర్వేరు మనుషులట. తమ దేశంలో ఆ పేరు చాలామందికి ఉందట. తాను జీవితంలో దేని మీది నుంచీ దూకలేదట. రమణ దాన్ని తెలుగు చేశాడు: "మేడం చాలా నిరాడంబరులు." మళ్లీ చప్పట్లు. బొకే ఇవ్వడానికి ఆడమనిషి కావాలి కాబట్టి సలోమిని పిలిచారు. ఇంజనీరుగా ఆమెకు మేము అప్పగించిన మొదటి బాధ్యత అది.

తర్వాత టీ దగ్గర అతిథి ఆ పేరు సంగతి చెప్పింది. అది యొర్దాను నది నుంచి వచ్చిందట. సలోమి వాళ్లు చర్చికి వెళ్లే కుటుంబం, ఆ నది పేరు ఆమెకు కొత్త కాదు. జనవరిలో ఆ పేరున్నవాళ్లకు పండుగ ఉంటుందట. చర్చి గురువు గడ్డకట్టే నీళ్లలోకి సిలువ విసురుతాడు, మగవాళ్లు పోటీపడి దూకి తెస్తారు. పండుగ ఎవరి పేరు మీదనో ఆ ఆడవాళ్లు తన ఊళ్లో తువ్వాళ్లు పట్టుకుని ఒడ్డున నిలబడతారని యోర్డాంకా అంది.

"మా దగ్గర బొకేలు పట్టుకుంటం మేడం," అంది సలోమి. అన్నది ఆమెతోనే, చూసింది నన్ను.

మరునాడు పొద్దున గని ఆఫీసులో అసలు చిక్కు బయటపడింది. తాడు లోపలి చివర తిరిగే చక్రాన్ని యోర్డాంకా స్వయంగా చూడాలి. చూడనిదే సంతకం పెట్టదు, సంతకం లేనిదే కుర్చీలు కదలవు. సేఫ్టీ ఆఫీసర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆమె ఒక్కతే దిగనీకి రాదు. ముగ్గురు ఉండాలె. మనమే రాసుకున్నం."

"ఆవిడ విదేశీయురాలు, నిపుణురాలు. ఆవిడకు మినహాయింపు ఇవ్వండి," అన్నారు జీఎం గారు.

"తాడుకు ఏ దేశమో తెల్వది సార్. రేపు ఏమన్నయితే తనిఖీకొచ్చేటోళ్లు నన్నడుగుతరు."

గదిలో అందరూ గోడకున్న గని పటం చూస్తున్నారు. అతిథి సంచీ మోయడానికని నిలబెట్టిన సలోమి నెమ్మదిగా అంది: "సార్, నిన్న మీరే చెప్పిన్రు గద. ఉరికినామె ఒకలు, దుంకినామె ఒకలు, మేయర్ ఒకలు. ముగ్గురైన్రు. గ్రూపు ఫుల్లయింది, పంపుండ్రి."

ఏమందని యోర్డాంకా అడిగింది. సలోమి ఒక్క మాట కూడా తగ్గించకుండా ఇంగ్లిషులో చెప్పింది. అతిథి నవ్వలేదు. ఆ ముగ్గురికీ తాడు పరీక్షించడం రాదనీ, తాను నాలుగోదాన్ననీ, తనకు ఇంజనీర్లు తోడు కావాలనీ అంది. జీఎం గారు నా వైపు తిరిగారు. "గుప్తా గారూ, ఎవరినో ఇద్దరు ఆడవాళ్లను చూడండి. టైపిస్టులైనా సరే."

ఆయన చెయ్యి బట్ట మీద పడిందని నాకు అర్థమైంది. సలోమికీ పద్మకూ దారి దొరికిందని సంబరపడుతూ వరండాలోకి వచ్చి చెప్పాను. సలోమి సంబరపడలేదు.

"మేడం ఎన్ని దినాలుంటది సార్?"

"రెండు వారాలు."

"ఆమె పోయినంక మేం ఇద్దరమే మిగుల్తం. మళ్ల షరతు గుర్తొస్తది మీకు. ముగ్గుర్ని అడుగుండ్రి. దుకాణపోళ్లు మీరు, గీ లెక్క నేను చెప్పాల్నా?"

మా నాన్న ఉంటే ఆ పిల్లను గల్లా మీద కూర్చోబెట్టి నన్ను బట్టలు మడతపెట్టమనేవాడు.

లోపలికి వెళ్లి ఐదుగురిని అడిగాను. నియమావళి ప్రకారం సాంకేతిక ఉద్యోగినులే కావాలి, టైపిస్టులు చెల్లరు, ఒకరు జ్వరం వచ్చి మానేస్తే పని ఆగకుండా మిగులు ఉండాలి, కాబట్టి ఏరియా గనులన్నిటిలో కలిపి ఉన్న ఐదుగురినీ ఇప్పించమన్నాను.

"ఐదుగురా? ఇది గనా, మహిళా మండలా?" జీఎం గారు మండిపడ్డారు.

"నలుగురైనా ఇవ్వండి సార్."

"ముగ్గురు. అంతకు మించి ఒక్కరు కూడా వద్దు."

నష్టానికి బట్ట చింపుతున్నట్టు ముఖం పెట్టి ఒప్పుకున్నాను. ఉత్తర్వు అక్కడే తయారైంది. సలోమి, పద్మ, పక్క గని నుంచి రజిత భూగర్భ విధుల్లో ఉంటారు. ఎప్పటి వరకు అని స్టెనో అడిగితే, జీఎం గారు అలవాటు కొద్దీ "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్నారు. ఆ మాట నేను అడగనే లేదు, ఆయనే కొసరు వేశారు. మధ్యాహ్నానికల్లా ల్యాంప్ రూములో, అంటే లోపలికి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే గదిలో, ముగ్గురి పేర్లతో టోకెన్లు పడ్డాయి.

మల్లయ్య ఒక అభ్యంతరం తెచ్చాడు. ల్యాంప్ రూము దగ్గర సలోమికే ఎదురుపడి చెప్పాడు: "నువ్వు దిగితే మాకు కష్టం బిడ్డా. లోపల మా నోళ్లు మంచిగుండయి. బూతు లేనిది బండ కదలది."

"బంద్ జెయ్యకుండ్రి కాకా. మా నాయిన ఇంట్ల గవే మాట్లాడుతడు. మీ తాన కొత్తయి ఏమన్నుంటె చెప్పుండ్రి."

మల్లయ్య ఆ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వలేదు.

యోర్డాంకా తన పని ముగించి, సంతకం పెట్టి, కుర్చీల్లో కార్మికులు దిగడం చూసి వెళ్లిపోయింది. మరుసటి సోమవారం జీఎం గారు ఫోన్ చేశారు.

"ఆవిడ వెళ్లిపోయారుగా. వీళ్లింకా దిగుతున్నారా?"

"దిగుతున్నారు సార్."

"ముగ్గురు ఉండాలన్న షరతు ఏమైంది?"

"ముగ్గురే ఉన్నారు సార్. మీరే నిర్ణయించారు. నేను ఐదుగురిని అడిగాను."

ఆపాలంటే తదుపరి ఉత్తర్వు కావాలి. ఉత్తర్వులో కారణం రాయాలి. మా దగ్గరున్న ఒకే ఒక్క కారణాన్ని మేమే ఖర్చు చేసేశాం. ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత నా భాషను ఎప్పుడూ మెచ్చుకోలేదు.

సలోమి ఆ అనుభవంతోనే పరీక్షకు కూర్చుంది. మొదటిసారి తప్పింది, రెండోసారి పాసయింది. ఇప్పుడు వేరే గనిలో, లోపలి పనులు నడిపించే అండర్ మేనేజర్. ఆమె కింద పనిచేసేవాళ్లలో ఒకప్పుడు ఆమెతో పాటు చేరిన మగపిల్లలు ఇద్దరున్నారు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. వద్దని చెప్పే ధైర్యం లేక షరతు పెట్టే అధికారి, ఆ షరతు తీరిన రోజు ఏం చెప్పాలో కూడా అప్పుడే రాసి పెట్టుకోవాలి. మేము రాసుకోలేదు.