బిందె అడ్డొచ్చిన గుండె గీత

మా అక్క హుస్సేన్‌బీ రెండు నెలల్లో నాలుగుసార్లు కళ్లు తిరిగి పడింది. మధ్యమధ్యలో గుండె ఆగుతోందేమోనని అనంతపురంలో డాక్టరుగారి అనుమానం. పడే క్షణంలో గుండె ఎలా కొట్టుకుందో రికార్డు దొరికితే పేస్‌మేకర్ సంగతి తేలుస్తానన్నారు. మా అమ్మాయి రేష్మా బెంగళూరులో ఇలాంటి ఛాతీ పట్టీలకు వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్లు డిజైన్ చేస్తుంది. తను చేసినదే పెద్దమ్మకు అంటించింది. వారం తర్వాత చూస్తే, ఆ వారంలో అక్క పడిన రెండుసార్లూ రికార్డు ఖాళీ. ఎందుకో చూద్దామని అక్క ఊరికి బయలుదేరాం.

ఉదయం ఆరు గంటలకు అనంతపురంలో కళ్యాణదుర్గం బస్సెక్కి, అక్కడ కుందుర్పి బస్సుకు మారాం. దారి పొడవునా వేరుశనగ చేలు ఎండిపోయి ఉన్నాయి. కుందుర్పి నుంచి ఊరికి ఆటో నూట యాభై.

"ఏం చూసేదానికి వచ్చినారక్కా?" అన్నాడు ఆటో అబ్బాయి.

"మా అక్కను."

"అదీ మాట. ఈడ చూసేదానికి రాళ్లు తప్ప ఏముండాయి? ఆ నీళ్ల సీసా మాత్రం సంచిలో దాచుకోండి. నేనే అడిగేస్తా!"

బావ రాయదుర్గంలో జీన్స్ కుట్టే పనికి పోతాడు. ఇంటికి నీళ్లు తెచ్చేది అక్కే. మేం వెళ్లేసరికి బయలుదేరుతోంది. పట్టీ ఛాతీకి ఎడమవైపు, దాని సంకేతాలు అందుకునే ఫోను ఎడమ నడుము దగ్గర సంచిలో. నిండు బిందెను ఎడమ చంకన పెట్టుకుని తిరిగొచ్చాక రేష్మా ఆ ఫోను తీసి చూసింది. పోయేటప్పుడు గుండె కొట్టుకున్న గీత ఉంది. వచ్చేటప్పుడు లేదు.

"నీళ్లు సిగ్నల్‌ను మింగేస్తాయమ్మా. ఒంట్లో నీళ్లకు లెక్క వేసినా, బిందెలో నీళ్లకు వెయ్యలేదు," అంది. బ్యాటరీ మిగలాలని, ఫోను పలకకపోతే పట్టీ కాసేపు నిద్రపోయేలా చేసిందట. ఆ కాసేపట్లో కొట్టుకున్నదేదీ దాచుకోదు. "మేం ఆఫీసు వరండాలో ఒట్టి చేతుల్తో నడిచి చూసినాం."

అక్క రెండో బిందె తీసింది.

"వద్దు పెద్దమ్మా, పడతావు."

"మీరు చూసినా చూడకున్నా ఇది నేనే తేవాల. పడితే నీ మిషన్‌కైనా పని దొరుకుతాది, రావే!"

ఈసారి ఫోను నేను పట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు అక్కకు కుడివైపున, ఒక అడుగు ముందు నడిచాను. రేష్మా వెనకాలే ఉంది. మిట్ట ఎక్కుతుండగా తెరమీద గీత చదునుగా పడుకుంది. తల తిప్పేసరికి అక్క రేష్మా చేతుల్లోకి వాలిపోయింది. బిందె దొర్లింది. కొన్ని క్షణాలకు గీత మళ్లీ లేచింది.

అక్క కళ్లు తెరిచి, "నీళ్లు పోయినాయా?" అంది.

"పోయినాయక్కా."

"గీత వచ్చిందా?"

"వచ్చింది."

మధ్యాహ్నమే కారు మాట్లాడుకుని అక్కను అనంతపురం తెచ్చాం. రికార్డు చూసి డాక్టరుగారు ఆమెను ఇంటికి పంపలేదు. అనుకున్న పని అయినట్టే. కానీ ఆ మిట్ట మీద అడుగడుగునా నేను ఎదురుచూసింది మా అక్క గుండె ఆగడం కోసం. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పట్టీ పెడితే, మొదటి రోజే వాళ్లు రోజూ మోసే బరువుతోనే నడిపించి రికార్డు చూడండి. ఫోను బిందె ఉన్న వైపు పెట్టకండి.