మంచుమాస్టారి గొంతు, నా గురక

ఆ రోజుల్లో నిద్రకీ నాకూ ఉన్న స్నేహం గురించి ఇప్పుడు చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మరు. ఉదయం తొమ్మిదయినా కొండ దిగని మంచు, కిటికీ అవతల కనపడీ కనపడకుండా సిల్వర్ ఓక్ చెట్లు, మూడో బెంచీలో శాలువా కప్పుకుని నేను. ఆపైన వృక్షశాస్త్రం చెప్పే మాస్టారి గొంతు. మెల్లగా మొదలై మెల్లగా ఒళ్లంతా కమ్మేసేది కాబట్టి ఆయనకు మంచుమాస్టారని పేరు. (పెట్టింది నేనే. ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది!) నోట్సు రాయించడం, పుస్తకం తెరవడం ఆయనకు అలవాటు లేదు. అడవిలో మనతోపాటు నడుస్తూ కబుర్లు చెబుతున్నట్టే పాఠం చెప్పుకుపోయేవారు. వినకపోతే అంతే సంగతులు.

హాస్టల్లో నా పక్క మంచం పిల్లని ఊరి పేరుతోనే పెదబయలు అని పిలిచేవాళ్లం. సరిగ్గా కాఫీ పండు ఎర్రబడే వేళకు వాళ్ల నాన్న కాలు విరగ్గొట్టుకున్నాడు. "పండు రాలిపోతే ఏడాదంతా పోద్ది, నానెల్లాల" అని నెలన్నరకు సంచి సర్దుకుంది. హాజరు సంగతి తను చూసుకుంటాననీ, చివర్లో నోటి పరీక్ష తప్పితే మాత్రం ఏడాది మళ్లీ చదవాల్సిందేననీ మంచుమాస్టారు చెప్పేశారు. అది మొహం వేలాడేసుకుంటే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏడవకే. పాఠాలన్నీ ఫోన్లో రికార్డు చేసి సంత జీపులో పంపుతాను" అన్నాను. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు మరి, మెమరీ కార్డే దిక్కు.

అయితే మా నోటీసు బోర్డు మీద ఒక కాగితం వేలాడుతుండేది. తరగతిలో మాట గానీ వీడియో గానీ రికార్డు చేయాలంటే మాస్టారికి చెప్పి, ఆయన సంతకం తీసుకోవాలి. దాన్ని ఆ తరగతివాళ్లు తప్ప మరొకరు వినకూడదు, చూడకూడదు. తప్పితే హాల్ టికెట్ ఆపేస్తారు. నేను బుద్ధిమంతురాలిలా అర్జీ రాసుకెళ్లాను. "నా గొంతా? ఎందుకమ్మా?" అని మాస్టారు బిక్కమొహం వేసి, రెండ్రోజులు ఆలోచించి సంతకం పెట్టారు. మర్నాడు కోటు తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చారు. బల్ల మీద ఫోను పెట్టగానే "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా!" అని మొదలెట్టారు, మేమెవరమో తెలియనట్టు. గంటసేపు ఫోను కేసే చూస్తూ గ్రాంథికం దంచారు. ఆ రోజు నాకు నిద్ర కూడా రాలేదంటే చూసుకోండి!

తిరుగు జీపులో చీటీ వచ్చింది. "ఏటే ఇది? మాస్టారికి జొరవొచ్చిందేటి? ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మన మాస్టార్ని పంపు."

మన మాస్టారు కావాలంటే ఫోను కనపడకూడదు. మర్నాడు "చార్జింగ్ లేదు సార్" అన్నాను. ఆయన హమ్మయ్య అనుకుని కోటు విప్పి కుర్చీకి తగిలించారు. ఫోను నా శాలువా మడతలో పని చేస్తూనే ఉంది. (సంతకం ఉంది కదా, తప్పేమిటి అని నాకు నేనే లాయర్ని.) పాఠం మామూలు దారిన పడింది, నేనూ నా మామూలు దారిన నిద్రలో పడ్డాను. అలా మూడు వారాలు. ఏం రికార్డయిందో ఒక్కటీ వినకుండానే పంపేశాను.

ఒకరోజు పాఠం మధ్యలో జీపు డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో అడ్డాకుల విస్తళ్ల కట్ట. "పెదబయలు నుంచి మాస్టారూ. కాఫీ పండు కోసే ఆడోళ్లు మీ పాటాలు స్పీకర్లో ఎట్టుకుని ఇంతన్నారు. మీ అమ్మ మాట ఇని అందరూ ఏడ్సీసినారు. ఆయమ్మ పేరు సెప్పి ఈటిలో నలుగురికి బువ్వెట్టమన్నారు" అన్నాడు. పాపం, మంచి కబురే మోసుకొచ్చాననుకున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మాస్టారు నన్ను వరండాలోకి పిలిచారు. "ఫోను లేదనే కదమ్మా ఆ మాట సెప్పుకున్నాను. మీతోనే సెప్పుకున్నాను" అన్నారు. తిట్టినా బాగుండేది. నేను ఏడుస్తూ ఫోను చేతికిచ్చాను. విన్నారు. మెత్తగా ఆయన గొంతు, దాని మీద పిండి మర ఆడినట్టు నా గురక. చాలాసేపు విని తలెత్తి, "మా అమ్మ సంగతి కాడికొచ్చినప్పుడైనా మెలకువ రాలేదేటే నీకు?" అన్నారు.

హాల్ టికెట్ ఆపలేదు. కానీ ఫోన్లోవన్నీ అక్కడికక్కడే తుడిపించారు. ఇక మీదట పాఠాలు మేలుకుని విని, ఆదివారం ఆదివారం జీపెక్కి వెళ్లి పెదబయలుకి నోటితో చెప్పి రమ్మన్నారు. దాని దగ్గరున్న కార్డు కూడా తుడిచేసి, ఆ ఆడవాళ్లకు తప్పు నాదేనని చెప్పమన్నారు. ఆ శుక్రవారం ఆ విస్తళ్లలోనే మా తరగతి మొత్తానికి అన్నం పెట్టారు. నోటి పరీక్షలో పెదబయలు గట్టెక్కడమే కాదు, నాకన్నా నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకుంది. (ఇప్పటికీ ఫోన్ చేసి మరీ గుర్తు చేస్తుంది, రాక్షసి.)

మొదటి ఆదివారం వాళ్ల తోటలో, అందరి ముందూ కార్డు తుడిచి తప్పు ఒప్పుకున్నాను. పెదబయలు తల్లి దిగులుపడిపోయింది. "పోనీ నువ్వు సెప్పు గుంటా, ఒక్కపాలి ఇంటాం. నువ్వా కలాసులోనే ఉన్నావు కదా" అంది. ఉన్నాను, ఏం లాభం? "నిద్రపోయానమ్మా" అన్నాను. వాళ్లు పడీ పడీ నవ్వారు. నవ్వడం అయ్యాక, పండు కోస్తూనే తలో ముక్కా అందించి నాకే చెప్పారు. మాస్టారి తల్లి అడ్డాకులు కుట్టి చదివించిందట. ఆ ఆకులు కాసే తీగకి శాస్త్రంలో ఉన్న పేరేమిటో నేర్చుకొచ్చి చెబితే, "ఆ పేరెట్టి పిలిస్తే పలుకుద్దేట్రా అయ్యా?" అని నవ్విందట. చివరి పరీక్షనాడు పేరు రాయమని ఆయన ముందు పెట్టిన కొమ్మ ఆ తీగదేనట. పేరు రాసి, ఈ సంగతి చెప్పి అమ్మను మళ్లీ నవ్విద్దామని ఇంటికెళితే, వినడానికి అమ్మ లేదట.

ఆయన్ని ఒక్కసారైనా చూడని మనుషులు చెబితే తెలిసింది నాకు ఆ మాట. మళ్లీ చెప్పమని ఆయన్నెప్పుడూ అడగలేకపోయాను. ఇప్పటికీ ఒక్కోసారి ఆ మూడో బెంచీ పిల్ల కళ్లకు కడుతుంది, ముసుగేసుకుని, నోరు తెరుచుకుని. నవ్వొస్తుంది. భుజం పట్టుకుని కుదపాలనిపిస్తుంది. "లెగవే, బేగి లెగు, ఇప్పుడే సెప్తన్నారు."