మంచంపట్టె మీది చప్పుడు

బల్ల మీద ఎవరైనా ఊరికే వేలితో తడితే నాకు ఈ రోజుకీ ఒళ్లు జలదరిస్తుంది. మా పిల్లలకు ఆ అలవాటు మాన్పించడానికి నేను తిట్టని తిట్టు లేదు.

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్లకు, మిషన్ బడిలో టైపు నేర్చుకుని ఒక ప్లీడరు గారి ఆఫీసులో చేరాను. గనుల వాళ్ల నోటీసులు, లారీల కాంట్రాక్టులు, పొలాల తగాదాలు, అన్నీ ఇంగ్లీషులోనే. టైపైన ప్రతి కాగితాన్నీ ఇద్దరు సరిచూడాలి. సిరిగేరి నుంచి వచ్చి స్థిరపడిన ముసలి గుమాస్తా చిత్తుప్రతి పట్టుకుని, కామాలూ ఫుల్‌స్టాపులూ పేరుపెట్టి మరీ గట్టిగా చదివేవాడు. నేను టైపు కాగితంలో చూసుకుంటూ పోవాలి. ఆయన్ను పెద్దప్పా అని పిలిచేదాన్ని. నేను తొందరపడితే, "ఏంది పాపా, బ్రేకు పోయిన సండూరు గనుల లారీ మాదిరి ఉరుకుతాండావు? నిల్చు!" అనేవాడు. నాకు భలే కోపం వచ్చేది.

గొంతులో పుండు లేచి ఆయన మాట పోయింది. ఇక పని కూడా పోతుందనుకున్నాం. దారి ఆయనే కనిపెట్టాడు. టైపు కాగితం గట్టిగా చదవడం నా వంతయింది. ఆయన చిత్తుప్రతి చూస్తూ వేలి కణుపుతో బల్ల మీద తట్టేవాడు. ఒక దెబ్బ కామా, వెంటవెంటనే రెండు పడితే ఫుల్‌స్టాపు. రెండు పడేదాకా వాక్యం ముగిసినట్టు కాదు. ప్లీడరు గారు "ఇదేందప్పా, తబలా కచేరీనా?" అని నవ్వి ఊరుకున్నారు.

కొన్నాళ్లకు ఆయన మంచం పట్టాడు. ఒక సాయంత్రం ఆయన భార్య ఆఫీసు గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

"పొద్దన్నించి మంచంపట్టె మింద తడ్తానే ఉండాడు పాపా. చెయ్యి వణికి రాయలేడు. నీళ్లిస్తే వద్దంటాడు. ఆయప్ప మాట నీకే తెలుస్తాది, రా తల్లీ. ఏం చెప్తాండాడో తెల్సుకోకుండా ఎట్ల పంపిచ్చేది?"

వెంటనే వెళ్లాను. కళ్లు మూసుకునే ఉన్నాడు. ఒక దెబ్బ. కాసేపాగి ఇంకో దెబ్బ. చాలాసేపు విన్నాను. రెండు కలిసి ఒక్కసారీ పడలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏమంటాండాడు?" అంది ఆమె.

"ఇంకా అయిపోలేదంటాండాడు పెద్దమ్మా. ఇంకా ఉండాదంట."

ఆమె కళ్లు తుడుచుకుని, మంచంపట్టె మీద ఆయన వేళ్ల కింద తన అరచెయ్యి పెట్టింది. "ఉంటే ఉండనీ. నేను యాడికీ పోను. కొట్టు."

తెల్లారేసరికి పోయాడు. రెండు దెబ్బలు పడ్డాయా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే చెప్పింది. "ఆఖరున ఒకటే తట్టినాడు పాపా. ఇంకా ఉండాదన్నట్టే గదా?"

"ఔను పెద్దమ్మా" అన్నాను.

ఆ తర్వాత ఆ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ, కాగితంలో చివరి మాట చదివాక కుర్చీలోంచి లేవలేకపోయేదాన్ని. "అయిపోయె గదమ్మా, ఇంకేం చూస్తాండావు?" అని కొత్త గుమాస్తా విసుక్కునేవాడు. ఆ కొత్తాయన చేతులు ఒళ్లోనే ఉండేవి. బల్ల మీద మాత్రం ఒక దెబ్బ పడేది. రెండోది పడుతుందేమోనని అలాగే కూర్చునేదాన్ని.