అరుగు మీద టీ ఆగిన నెల

పోయిన వారం నరసరావుపేటలో మా అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాను. అల్లుడి జీతంలో కోత పడింది. దాంతో మా అమ్మాయి నడుం బిగించి ఇంటి ఖర్చులన్నీ తెగ కత్తిరిస్తోంది. బాగానే ఉంది, కత్తిరించనీ అనుకున్నాను. ఇంతలో పక్క పోర్షన్ ఆవిడ ఏదో మాట చెప్పడానికి వచ్చి కుర్చీలో కూర్చుంది. మా అమ్మాయి వంటగది గుమ్మంలోనే నిలబడి, "టీ తాగుతారా ఆంటీ?" అని అడిగింది. "వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చా" అంది ఆవిడ. ఇద్దరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. నాకు మాత్రం మనసొప్పలేదు. ఇంటికొచ్చిన మనిషిని టీ తాగుతారా అని అడగడమేమిటి? నేను కాపురానికి వెళ్లిన ఇంట్లో అలా అడిగితే లేచి వెళ్లమన్నట్టే. మనిషి అరుగెక్కి కూర్చున్నాడంటే, చెప్పులు విడిచే లోపల గ్లాసు చేతికి రావాలి. అలాంటి ఇంట్లో ఒకసారి టీ ఆగిపోయింది. దాని సంగతి మా అమ్మాయికి తెలియదు. అప్పట్లో అది హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

మా అత్తవారి ఊరు గురజాల వైపు, సాగర్ కుడికాలువ కింద. మా మామయ్య ఎప్పుడో ఒకసారి సర్పంచిగా చేశాడు. ఆ పదవి పోయి చాలా ఏళ్లయినా, పోయిందని ఊళ్లో ఎవరూ ఆయనతో అనలేదు, ఆయనా నమ్మలేదు. తెల్లారేసరికి ఇస్త్రీ పంచె కట్టుకుని అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గట్టు జరిపారన్న తగాదా, కాలువ నీళ్ల వంతు తగాదా, మొగుడూ పెళ్లాల తగాదా, గేదె చేలో పడ్డ తగాదా అన్నీ అక్కడికే వచ్చేవి. ఆయన తీర్పు చెప్పే పద్ధతి ఒకటుంది. ఎంత అరుచుకుంటూ వచ్చినా సరే, "ముందు టీ తాగండిరా" అనేవాడు. ఇద్దరి గ్లాసులూ ఖాళీ అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు. పొయ్యి మీద నుంచి దించిన టీ స్టీలు గ్లాసులో పోసిస్తే ఎంత కోపిష్టి అయినా గటగటా తాగలేడు కదా. కండువా అంచుతో గ్లాసు పట్టుకుని, ఊదుకుంటూ, ఎదురుగా ఊదుకుంటున్న పగవాణ్ణి చూస్తూ కూర్చోవాలి. అడుగుకొచ్చేసరికి సగం తగాదా ఆరిపోయేది. మిగతా సగం మామయ్య చూసుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆ మొదటి సగం నాదే. టీ కాచేది నేనే. ఎవరికి చక్కెర లేకుండా ఇవ్వాలో, ఎవరికి శొంఠి తగలాలో, ఎవరికి రెండో గ్లాసు పోయకపోతే అలుగుతారో, అన్నీ నాకే తెలుసు.

ఆ ఏడాది మా మిరపతోట మీద నల్లతామర పురుగు పడింది. నువ్వుగింజంత ఉండదు గానీ, పువ్వులో దూరిందంటే పిందె అన్నమాట లేదు. చేను చూస్తే ఏపుగా, పచ్చగా, కళ్లకు నిండుగా ఉంది. దగ్గరికెళ్లి కొమ్మ వంచితే ఒక్క కాయ లేదు. మామయ్య ఆ చేలో నిలబడి ఉండగా చూశాను. మనిషి ఏడవలేదు, తిట్టలేదు. దారి తప్పినవాడిలా చుట్టూ చూస్తున్నాడు. ఎప్పుడూ బస్తాలకు బస్తాలు గుంటూరు యార్డుకి తోలిన ఇల్లు మాది. ఆసారి ఇంట్లోకి కారం కొట్టించుకోవడానికి కాయలు బయట కొన్నాం. అంతకంటే చెప్పడానికేముంది?

అప్పుడు రంగంలోకి దిగింది మా అత్తయ్య. అప్పటిదాకా ఆవిడ నెమ్మదస్తురాలని అనుకునేదాన్ని. ముందు మా ఆయన బుల్లెట్ బండి అమ్మించింది. గుండెల మీద నుంచి బిడ్డను లాక్కున్నట్టు చూశాడాయన. తర్వాత మూలపడ్డ మోపెడ్ తుడిచి ఎక్కాడు. అది దారిపొడుగునా దగ్గేది, ఆయన తల దించుకుని పోయేవాడు. షాంపూ పోయి కుంకుడుకాయలొచ్చాయి. పేపరు మానిపించింది. గ్యాసు పొయ్యి మీద గుడ్డ కప్పేసి పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించింది. కాయ కాయని ఆ మిరప మోళ్లనే పీకి తెచ్చి అందులో పెట్టాం. ఆ పంట మాకు చేసిన ఉపకారం అదొక్కటే. రోజుకో దెబ్బ తగులుతుంటే నోరు తెరుచుకుని చూడటమే నా పనైంది. ఇక ఇంతకు మించి ఏముంటుందిలే అనుకున్న రోజున, తను ప్రాణంతో సమానంగా చూసే సీరియళ్లున్న కేబులు కూడా తీసేయించింది. తనను తానే వదలని మనిషి మమ్మల్నేం వదులుతుంది? ఆ రాత్రి నాకు నిజంగా భయం వేసింది.

అనుకున్నట్టే అయింది. ఒక పొద్దున పాలు పితుక్కొచ్చి, బిందె దించకుండానే చెప్పింది. "రేపట్నుంచి బయటోళ్లకి టీ లేదు. పాలన్నీ కేంద్రానికి పోస్తన్నా."

మామయ్య పాత పేపరు మళ్లీ చదువుకుంటున్నాడు. తలెత్తాడు. "ఏందే నువ్వనేది? టీ ఆపితే ఎట్టా? మనుషులొస్తారు."

"వాళ్లు నీ కోసం వస్తన్నారా, టీ కోసం వస్తన్నారా?"

"నా కోసమేనే."

"అట్టాగైతే టీ లేకపోయినా వస్తార్లే. ఏంది నీ భయం?"

మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఎన్నో నోళ్లు మూయించిన మనిషి. ఆ ఒక్క మాటకు ఆయన ముఖం పాలిపోయింది. ఆయనకు తెలిసిందల్లా తన మాటకు ఊళ్లో విలువ ఉందన్నదే. ఉన్నదీ లేనిదీ తేల్చడానికి అత్తయ్య గేదె పాలు పందెం ఒడ్డింది.

మర్నాడు పొద్దున అరుగు మామూలుగానే నిండింది. ఎదురింటాయన అందరికంటే ముందొచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మాకు దూరపు చుట్టం, ఊళ్లో చాలామందిలాగే మామయ్యను పెదనాన్నా అని పిలుస్తాడు. కబుర్లు మొదలయ్యాయి. కాసేపటికి ఒకరిద్దరు గుమ్మం వైపు చూశారు. ఇంకాసేపటికి ఎవరూ అటు చూడటం లేదు, చూడకూడదని పట్టుబట్టినట్టు అందరూ వీధి వైపే చూస్తున్నారు. అదే సమయానికి పెరట్లో అత్తయ్య టీ గుండిగ తోమి రాతి మీద ఖంగుమని బోర్లించింది. అరుగు మీద మాటలు టక్కున ఆగిపోయాయి. ఒక్కొక్కరూ "పనుంది పెదనాన్నా" అంటూ లేచారు. ఆ తర్వాత రోజురోజుకీ జనం పలచబడ్డారు. కొన్నాళ్లకు ఒక్కరూ లేరు. ఎదురింటాయన సైతం ఇంట్లోంచి బయటికొస్తే మావైపు చూడకుండా పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

నాకు ఊరి మీద ఒళ్లు మండిపోయింది. నా చేతి టీ తాగని మనిషి ఆ వీధిలో లేడు. ఒక్కొక్కరి ముఖమూ గుర్తు చేసుకుని అంట్లు తోముతూ తిట్టుకున్నాను. ఇంతేనా మనుషులంటే? మామయ్య మొదట్లో ఇస్త్రీ పంచెతోనే కూర్చునేవాడు. తర్వాత ఇస్త్రీ మానేశాడు. ఆపైన గడ్డం గీసుకోవడం మానేశాడు. ఒక రోజు కుర్చీ తనే ఎత్తుకుని లోపలి గదిలో వేసుకున్నాడు. "చూశావా" అంది అత్తయ్య. గెలిచిన మనిషి ముఖం కాదది. ఆ పూట ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు, మామయ్య అసలు తినలేదు.

అలా నెల గడిచిందో లేదో, ఒక పొద్దున పోలీసు జీపు మా ఇంటి ముందు నుంచి వీధి చివరికి పోయింది. వెనకే జనం పరుగెత్తుతున్నారు. మామయ్య లేచి చొక్కా కూడా లేకుండా బయటికొచ్చాడు. పరుగెత్తబోతున్న ఎదురింటాయనను ఆపాడు. వీధి చివర అన్నదమ్ములిద్దరు కాలువ నీళ్ల వంతు దగ్గర కొట్టుకున్నారట. అన్న పార ఎత్తాడు. అది తమ్ముడి కుడి చేతి మీద పడింది.

"ఎన్నాళ్లబట్టి ఉందిరా ఈ తగాదా?" అన్నాడు మామయ్య.

"నెల్లాళ్లబట్టీ, పెదనాన్నా."

"నా దగ్గరికి రావటానికి కాళ్లు రాలేదా మీకు? టీ లేదని మానుకున్నారంటరా?"

ఎదురింటాయన నివ్వెరపోయాడు. చేతిలో ఉన్న కండువా కింద పడింది. "అదేంది పెదనాన్నా, అంత మాటన్నావు! గుండిగ బోర్లేసిన చప్పుడు ఆ రోజు అందరం విన్నాం. మా తోటలు మాత్రం కాశాయా? మాకు తెలవదా? మేమొచ్చి కూర్చుంటే లోపల పెద్దమ్మ ఎంత ఇదైపోయిద్దో అని, ఎవరం ఆ అరుగెక్కొద్దని అనుకున్నాం. నువ్వు పిలుస్తావని సందులమ్మట తిరిగి పోతన్నాం."

ఊరంతా అనుకున్నారు! మా పరువు కాపాడటానికి ఊరంతా కూడబలుక్కుని మమ్మల్ని వెలేసింది. అత్తయ్య తలుపు చాటు నుంచి బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. "టీ కోసమే వస్తన్నారన్నా. నా నోరు పడిపోను" అంటూ నోటి మీద కొట్టుకుంది. మామయ్య చొక్కా తొడుక్కుని, మా ఆయన మోపెడ్ వెనక కూర్చుని గురజాల ఆసుపత్రికి వెళ్లాడు.

అక్కడ జరిగింది మా ఆయన చెప్పగా విన్నదే. తమ్ముడు చేతికి కట్టుతో పడుకుని ఉన్నాడు. మామయ్య మంచం పక్కన నిలబడి అదే మాట అడిగాడట. "నా దగ్గరికి ఎందుకు రాలేదురా?"

"వచ్చాం పెదనాన్నా" అన్నాడట వాడు. "నేనూ అన్నా ఇద్దరం కలిసే వచ్చాం, మీ వీధి మలుపు దాకా. ఇంత పొద్దున్నే పోతే పెద్దమ్మ టీ పెట్టలేక బాధపడిద్దిలే, ఇంకో రోజు పోదాంరా అని అన్నే అన్నాడు. సరేనని ఎనక్కి తిరిగాం."

మామయ్య ఆ మాట విని ఆసుపత్రి వరండాలో చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడట. పార ఎత్తిన అన్న, అంతకు కొన్నాళ్ల ముందు మా అత్తయ్య ఇబ్బంది పడుతుందని తమ్ముణ్ణి వెనక్కి తిప్పుకుపోయాడు. అంత మెత్తటి మనిషి. ఒక్క గ్లాసు టీ చల్లారేంత సేపు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. నా కళ్లతో ఎన్నిసార్లు చూడలేదు?

మర్నాడు తెల్లవారకముందే అత్తయ్య గుండిగ పొయ్యి మీద పెట్టింది. పాలు సగం, నీళ్లు సగం కాదు, నీళ్లే ఎక్కువ. చక్కెర బదులు బెల్లం. తనే వీధిలోకి వెళ్లి ఒక్కొక్క గుమ్మం ముందూ నిలబడి, "రండయ్యా, నీళ్ల టీ అయినా తాగి పోండి" అని పిలిచింది. మామయ్య కుర్చీ నేనే తెచ్చి అరుగు మీద వేశాను. వచ్చారు, తాగారు, బాగుందమ్మా అన్నారు. అది బాగున్న టీ కాదు. ఎవరి గ్లాసులోనూ చుక్క మిగల్లేదు.

తర్వాత మిరప మళ్లీ కాసింది. టీలోకి చిక్కటి పాలు మళ్లీ వచ్చాయి. అన్నదమ్ముల కేసు గురజాల కోర్టులో ఇంకా నడుస్తూనే ఉంది. అన్న సాయంత్రం పూట వచ్చి, తమ్ముడు లేడని చూసుకుని కూర్చుంటాడు. తమ్ముడు పొద్దున్నే వస్తాడు. ఆ కుడి చేతి వేళ్లు ముడుచుకోవు. పెద్దల దగ్గర ఎడం చేత్తో ఏదీ అందుకోకూడదన్నది మా వైపు చిన్నప్పుడే నేర్పే మాట. నేను గ్లాసు అందించబోయినప్పుడల్లా వాడు ఎడం చెయ్యి పట్టి, మామయ్య వైపు చూసి, "ఎడం చెయ్యి పెదనాన్నా, ఏమనుకోమాక" అంటాడు. మామయ్య "అందుకోరా" అని వీధి వైపు చూస్తాడు. ఏళ్లు గడిచేకొద్దీ బాధ పాతబడుతుందని నేనూ నమ్మేదాన్ని గానీ, మా ఇంట్లో ఒక బాధ మాత్రం రోజూ పొద్దున టీ వేళకు కొత్తగా మొదలవుతూనే ఉంది.