నలభైమూడు ముక్కల మిల్లు

1961 జనవరి 18, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా రైసుమిల్లు కాలవ రేవులో దిగడం మొదలైంది.

మిల్లంటే అప్పటికి నలభైమూడు ఇనప ముక్కలు. మద్రాసు అవతల మూతబడ్డ మిల్లొకటి మావారు కొని, ఫిట్టరుచేత విప్పించి, రెండు పడవల్లో బకింగ్‌హామ్ కాలవ మీద తెప్పించారు. రైల్లో వేస్తే గూడూరులో దించి అంత దూరం బండ్ల మీద తేవాలి. రేవు నుంచి కోట అనే ఊరి దగ్గరి మా పల్లెకు మూడు మైళ్ళే. ఫిబ్రవరిలో కోతలు. ఆలోగా మిల్లు ఆడాలి. "ఈ ఏడు గూడూరు మిల్లులకు బండ్లు తోలొద్దు, వడ్లు నాకే తెండి" అని మావారు చుట్టుపక్కల రైతులకు మాటిచ్చేశారు.

ఫిట్టరు ప్రతి ముక్క మీదా సుద్దతో అంకె వేశాడు. గడ్డిలో చుట్టి తెచ్చారు గనుక చెరగలేదు. అతను నాలుగు రోజుల తర్వాత రైల్లో వస్తానన్నాడు. పడవవాళ్ళు తెచ్చిన జాబితా నా చేతికి వచ్చింది. సాయంత్రం ఐదింటికి చివరి బండి చేరాక, ఒక్కో అంకె చూసి కాగితం మీద గీత కొట్టాను. నలభైమూడూ ఉన్నాయి.

మర్నాడు అత్తగారు షెడ్డుకు వచ్చి చూసింది. ఇనుమంతా మసి, జిడ్డు, పాత తవుడు.

"లచ్చిమి ఇంటికొస్తే ఈ మొగంతో కూసోబెడతామా? కడిగి పసుపు రాద్దామే," అంది. బిందె ఎత్తబోయి ఆగింది. "ఈ తెల్లగీతలు పోతే ఏమన్నా ఇబ్బందా? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

"లెక్క సరిపోయింది అత్తా. ఇంక వాటితో పన్లేదు, కడిగించు," అన్నాను.

అంకెలు లెక్క చూసుకోవడానికేనని నేను నిజంగానే అనుకున్నాను. ఏ ముక్క పక్కన ఏ ముక్క బిగించాలో చెప్పేవి అవేనని నాకు తోచలేదు. ఐదుగురు ఆడవాళ్ళు పీచు, చింతపండు, బూడిద పెట్టి రెండు పూటలు తోమారు. పసుపు రాసి ముక్కకు మూడేసి బొట్లు పెట్టారు.

22న ఫిట్టరు వచ్చి షెడ్డులో రెండుసార్లు తిరిగాడు.

"బొట్లు బాగానే పెట్టినారు సామీ, పేర్లు చెరిపేసినారే. నలభైముగ్గురు పెళ్ళికూతుళ్ళు. ఎవురు ఎవురికో నేనెట్ట చెప్పేది?"

ఎవరూ నవ్వలేదు. మావారు మా ఇద్దరి వైపూ చూశారు. "ఎవురు కడగమన్నది?"

"నేనేరా. నాకేం తెలుసు," అంది అత్తగారు.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఫిట్టరు తన పుస్తకంలోని బొమ్మలు చూసుకుంటూ, గుర్తున్నంత మేర బిగించాడు. చూపుకు ఒకేలా ఉండే చట్రాలు ఆరు. వాటి రంధ్రాల్లో తేడా వడ్లగింజ మందం. ఫిబ్రవరి 9న ఇంజను తిప్పారు. పావుగంట ఆడాక, పెద్ద చక్రం కింద ఒకదానికి బదులు ఒకటి బిగిసిన చట్రం నిలువునా చీలింది. కొత్తది మద్రాసులో పోతపోయించి, మళ్ళీ కాలవ మీదే తేవాలి.

వడ్లు అప్పటికే వచ్చి ఉన్నాయి. రైతులు వారం చూశారు.

"మీ అమ్మ తోమిన మిల్లు తళతళలాడతా ఉండాది అన్నా. వడ్లాడేదే లేదు," అంటూ ఒకాయన తన బస్తాలు బండికెత్తుకున్నాడు. మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. బస్తాలెత్తడానికి మావారే సాయం పట్టారు. ఆ నెలంతా ఆయన తల్లితో మాట్లాడలేదు. ఆమె నన్నొక్క మాట అనలేదు. చెబుదామని రెండుసార్లు ఆయన ముందుకు వెళ్ళి, మంచినీళ్ళిచ్చి తిరిగొచ్చాను.

మిల్లు మార్చి 27న ఆడింది.

పగిలిన చట్రం ఒకటి. మిల్లు ఆగిన రోజులు నలభైఆరు. తిరిగిపోయిన బస్తాలు మూడువందల పన్నెండు. మరుసటేడు కూడా గూడూరుకే పోయిన రైతులు పదకొండుగురు. 1969లో పోయేదాకా అత్తగారు మిల్లులో అడుగుపెట్టని ఏళ్ళు ఎనిమిది.